ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌ను ఇన్‌హెరిటెన్స్‌తో మొదలుపెట్టకండి

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ నేర్పే పాఠాలు చాలావరకు ఒకే వరుసలో నడుస్తాయి. క్లాస్ అంటే నమూనా, ఆబ్జెక్ట్ అంటే ఆ నమూనా ప్రకారం తయారైన వస్తువు అని ముందుగా చెబుతారు. ఆ వెంటనే జంతువు అనే క్లాస్ రాసి, దాని నుంచి కుక్కనూ పిల్లినీ పుట్టించి, అరవమంటే ఒకటి ఒకలా, ఇంకొకటి మరోలా అరుస్తుందని చూపిస్తారు. ఇంకొన్నాళ్ళకు ఎన్‌క్యాప్సులేషన్ (లోపలి వివరాలను దాచడం), ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాస్ ఇంకో క్లాస్ లక్షణాలను వారసత్వంగా పొందడం), పాలిమార్ఫిజం (ఒకే పిలుపుకు ఒక్కో ఆబ్జెక్ట్ తన పద్ధతిలో స్పందించడం), అబ్‌స్ట్రాక్షన్ (అవసరమైనది మాత్రమే చూపడం) అనే నాలుగు మూలస్తంభాల నిర్వచనాలు కంఠతా వచ్చేస్తాయి. ఇంటర్వ్యూలో ఆ నిర్వచనాలను తడుముకోకుండా చెప్పగలిగినవారే, వందలాది ఫైళ్ళున్న ప్రాజెక్టులో ఒక చిన్న మార్పు చేయమంటే దాన్ని ఎక్కడ చేయాలో తేల్చుకోలేక ఆగిపోవడం నేను చాలాకాలంగా చూస్తున్నాను. వారి తెలివితేటలకు కొదవ లేదు. పాఠం మొదలైన చోటే తేడా ఉందని నా గట్టి నమ్మకం.

ఆబ్జెక్ట్ అంటే అన్నిటికంటే ముందు ఒక బాధ్యత. ఏ సంగతి ఎవరికి తెలియాలి, ఏ నిర్ణయం ఎవరు తీసుకోవాలి, మిగిలినవారు వారిని ఏమని అడగాలి అన్న ప్రశ్నలకు జవాబులు వెతకడమే ఈ పద్ధతిలో డిజైన్ చేయడం. ఇన్‌హెరిటెన్స్ ఆ జవాబులు కుదిరాక, అవసరం పడితే వాడుకునే సౌకర్యం మాత్రమే. ఇక డీబగ్గర్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ఆపి లోపల ఏముందో చూపించేది), టెస్టులు (కోడ్ సరిగ్గా పనిచేస్తుందో తనిఖీ చేసే చిన్న ప్రోగ్రామ్‌లు), రీఫాక్టరింగ్ (ప్రవర్తన మారకుండా కోడ్ నిర్మాణాన్ని మార్చడం) వంటి పనిముట్లను తర్వాత చూసుకోవచ్చులే అని పక్కన పెట్టడం అసలు కుదరదు. ఆబ్జెక్ట్‌లతో రాసిన ప్రోగ్రామ్‌లో ఏ ఆబ్జెక్ట్ ఏ ఆబ్జెక్ట్‌ను పట్టుకుని ఉంది, ఒక కాల్ (పిలుపు) చివరికి ఏ మెథడ్‌కు (ఆబ్జెక్ట్ చేయగల ఒక పనిని రాసిన కోడ్ ముక్కకు) చేరింది అనేవి ఫైల్ చదివితే సగమే తెలుస్తాయి. మిగిలిన సగం ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు చూస్తేనే తెలుస్తుంది.

ఈ పద్ధతి పుట్టిన తీరు కూడా ఇదే చెబుతుంది. ఆస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో 1960లలో ఓలే-యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అనే ఇద్దరు సిమ్యులా భాషను తయారుచేశారు. వాస్తవ ప్రపంచంలోని వ్యవస్థలను కంప్యూటర్‌లో అనుకరించి చూడటం వారి పని. వరుసలో నిలబడ్డ వాహనం, దాన్ని పంపించే కౌంటర్, ఆ వరుస, ఇవన్నీ ఎవరి స్థితి వారు మోస్తూ, ఎవరి పని వారు చేసుకుంటూ, కాలంతో పాటు కదలాలి. ఆ అవసరం నుంచి ఆబ్జెక్ట్ వచ్చింది. 1967 నాటి సిమ్యులా 67లో క్లాసులు, సబ్‌క్లాసులు (ఇంకో క్లాస్ నుంచి పుట్టిన క్లాసులు), వర్చువల్ ప్రొసీజర్లు (సబ్‌క్లాస్ తన పద్ధతిలో తిరిగి రాసుకోగల పనులు) అన్నీ ఉన్నాయి. రకరకాల వస్తువులను ఒకే వరుసలో నిలబెట్టాల్సి వచ్చినప్పుడు, వాటి ఉమ్మడి లక్షణాలను పదేపదే రాయకుండా ఉండటానికి సబ్‌క్లాస్ పనికొచ్చింది. అంటే, సొంత పని తెలిసిన వస్తువులు ముందు వచ్చాయి, వాటి మధ్య పోలికలు తర్వాత వచ్చాయి. ఈ కృషికి వారిద్దరికీ 2001 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం దక్కింది.

1970లలో జెరాక్స్ సంస్థ పరిశోధనా కేంద్రమైన పార్క్‌లో ఆలన్ కే, డాన్ ఇంగాల్స్, అడెల్ గోల్డ్‌బర్గ్ తదితరులు రూపొందించిన స్మాల్‌టాక్ ఈ ఆలోచనను చివరి దాకా తీసుకెళ్ళింది. అందులో మూడు ప్లస్ నాలుగు అన్నా, మూడు అనే ఆబ్జెక్ట్‌కు "నాలుగును కలుపు" అని మెసేజ్ పంపడమే. ఆబ్జెక్ట్‌ల మధ్య నడిచే మెసేజ్‌లే ఈ పద్ధతికి గుండెకాయ అని ఆలన్ కే తర్వాతి కాలంలోనూ చెబుతూనే వచ్చారు.

స్మాల్‌టాక్ గురించి నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది దాని పనివాతావరణం. భాష ఒకచోట, ఎడిటర్ ఒకచోట, డీబగ్గర్ మరోచోట అనే విభజన అందులో లేదు. క్లాసులనూ మెథడ్‌లనూ వెతికి చూసే బ్రౌజర్, నడుస్తున్న ఆబ్జెక్ట్‌ను తెరిచి చూపించే ఇన్‌స్పెక్టర్, తప్పు జరిగిన క్షణంలో ప్రోగ్రామ్‌ను నిలిపి ఉంచే డీబగ్గర్, అన్నీ ఒకే బతికున్న వ్యవస్థలో భాగాలు. ఒక ఆబ్జెక్ట్‌కు తెలియని మెసేజ్ పంపితే ప్రోగ్రామ్ కుప్పకూలదు. డీబగ్గర్ తెరుచుకుంటుంది, లేని మెథడ్‌ను అక్కడే రాసి, ఆగిన చోటి నుంచే ముందుకు నడిపించవచ్చు. పనిముట్టు లేకుండా ఆబ్జెక్ట్‌ను ఊహించడమే వారికి సాధ్యం కాలేదని దీన్ని చూస్తే అర్థమవుతుంది.

ఆ తర్వాత ఈ పద్ధతిని లక్షలాది మంది దగ్గరకు చేర్చింది వేరే భాషలు. బెల్ ల్యాబ్స్‌లో బ్యార్నె స్ట్రూస్ట్రప్ 1979లో మొదలుపెట్టిన పని 1985 నాటికి సీ ప్లస్ ప్లస్‌గా మార్కెట్‌లోకి వచ్చింది. సన్ మైక్రోసిస్టమ్స్ 1995లో జావాను విడుదల చేసింది. ఇవి మనకు వేగాన్నీ, విస్తృతినీ, తప్పు రకం విలువ వాడితే ముందే పట్టుకునే టైపుల భద్రతనూ ఇచ్చాయి. అయితే ఫైల్ రాయడం, కంపైల్ చేయడం (కంప్యూటర్ నడపగల రూపంలోకి మార్చడం), నడపడం అనే పాత వరుసకు మనం మళ్ళీ వెళ్ళిపోయాం. ఆబ్జెక్ట్‌ను ప్రత్యక్షంగా చూడటం తగ్గిపోయి, క్లాస్ రాయడమే పనిగా మిగిలింది. పాఠాలు కూడా కంటికి కనిపించే క్లాస్ చుట్టూ, క్లాసుల వంశవృక్షం చుట్టూ అల్లుకున్నాయని నేననుకుంటాను.

బాధ్యత అని ఊరికే అంటే గాల్లో మాటలా ఉంటుంది కాబట్టి ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. గ్రంథాలయానికి ఒక ప్రోగ్రామ్ రాస్తున్నాం. పుస్తకాన్ని గడువు దాటాక తిరిగి ఇస్తే రోజుల లెక్కన జరిమానా వేయాలి. కొత్తగా నేర్చుకున్నవారు సభ్యుడు, పుస్తకం, అరువు అని మూడు క్లాసులు రాసి, ప్రతి ఫీల్డునూ (ఆబ్జెక్ట్ దాచుకునే విలువను) బయటివారు నేరుగా ముట్టుకోకుండా ప్రైవేట్ చేసి, ప్రతిదానికీ విలువను ఇచ్చే ఒక గెట్టర్, విలువను మార్చే ఒక సెట్టర్ పెడతారు. జరిమానా లెక్క మాత్రం కౌంటర్ దగ్గరి స్క్రీన్‌ను నడిపే కోడ్‌లో ఉంటుంది. అది అరువు నుంచి గడువు తేదీని తీసుకుంటుంది, నేటి తేదీతో పోల్చి ఎన్ని రోజులు దాటాయో చూస్తుంది, సభ్యుడు ఏ రకమో అడుగుతుంది, రేటుతో గుణిస్తుంది. ఫీల్డులన్నీ ప్రైవేట్ కాబట్టి ఎన్‌క్యాప్సులేషన్ పాటించామనే అనుకుంటారు. కానీ ఆ అరువు క్లాస్‌కు తెలిసిందేమీ లేదు. తన దగ్గరున్న తేదీలను అడిగినవారికల్లా ఇవ్వడం తప్ప అది చేసే పని లేదు; నిర్ణయాలన్నీ బయటే జరుగుతున్నాయి.

ఇప్పుడు గ్రంథాలయం మూసి ఉన్న రోజులకు జరిమానా లెక్కించకూడదని కొత్త నియమం వచ్చింది. కౌంటర్ స్క్రీన్‌లో మార్చాం. గడువు దాటినవారికి గుర్తుచేస్తూ మెయిల్ పంపే కోడ్‌లోనూ అదే లెక్క ఉందని ఎవరికీ గుర్తులేదు. నెలవారీ నివేదికలో మూడోసారి ఉంది. సభ్యుడికి మెయిల్‌లో ఒక మొత్తం, కౌంటర్‌లో ఇంకో మొత్తం కనిపిస్తాయి. ఇలాంటి తప్పును కంపైలర్ పట్టుకోలేదు, ఎందుకంటే ప్రతి లెక్కా విడిగా చూస్తే సరైన కోడే.

అదే అరువు ఆబ్జెక్ట్‌ను "ఫలానా తేదీ నాటికి నీ మీద జరిమానా ఎంత?" అని అడిగేలా రాసి ఉంటే, స్క్రీన్‌కు గానీ మెయిల్‌కు గానీ నివేదికకు గానీ గడువు తేదీ తెలియాల్సిన పనే లేదు. మార్పు ఒక్కచోట జరుగుతుంది. మారే అవకాశమున్న నిర్ణయాన్ని ఒక మాడ్యూల్ (ప్రోగ్రామ్‌లో ఒక భాగం) లోపల దాచిపెట్టి, మిగిలినవారికి అది తెలియకుండా చూడాలని కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నస్ 1972లోనే వాదించారు; అది ఆబ్జెక్ట్‌లకు మాత్రమే చెప్పిన మాట కాదు గానీ, ఎన్‌క్యాప్సులేషన్‌కు నేను ఒప్పుకునే అర్థం అదే. ప్రైవేట్ అనే కీవర్డ్ పెట్టినంత మాత్రాన ఆ పని జరిగిపోదు. తేదీని అరువు స్వయంగా కంప్యూటర్ గడియారం నుంచి తీసుకోకుండా, అడిగేవారు ఇచ్చేలా పెట్టడాన్ని కూడా గమనించండి. దానివల్ల కలిగే మేలు టెస్టుల దగ్గర తెలుస్తుంది.

ఇంకో మార్పు వస్తుంది: విద్యార్థులకు ఒక రేటు, అధ్యాపకులకు ఇంకో రేటు. ఇన్‌హెరిటెన్స్ పాఠం తాజాగా గుర్తున్నవారి చేయి వెంటనే సబ్‌క్లాస్ మీదకు పోతుంది. సభ్యుడి నుంచి విద్యార్థి, అధ్యాపకుడు అనే రెండు క్లాసులు పుడతాయి. మరి పరిశోధన పూర్తిచేసిన విద్యార్థి అక్కడే అధ్యాపకుడిగా చేరితే? సీ ప్లస్ ప్లస్, జావా వంటి భాషల్లో ఒకసారి పుట్టిన ఆబ్జెక్ట్ తన క్లాస్‌ను మార్చుకోలేదు. కొత్త ఆబ్జెక్ట్ తయారుచేసి, పాతదాన్ని పట్టుకుని ఉన్న ప్రతి అరువునూ వెతికి, దీనివైపు తిప్పాలి. సభ్యుడు మనిషి, విద్యార్థి అనేది అతను ప్రస్తుతం నిర్వహిస్తున్న పాత్ర. ఈ రెంటినీ ఒకే వంశవృక్షంలో ఇరికించడంతో వచ్చిన చిక్కు ఇది. జరిమానా నియమం అనే వేరే ఆబ్జెక్ట్‌ను పెట్టి, సభ్యుడు దాన్ని తన దగ్గర ఉంచుకుంటే, పాత్ర మారినప్పుడు నియమాన్ని మారిస్తే సరిపోతుంది. విద్యార్థి నియమం, అధ్యాపక నియమం, రేపు వచ్చే ఇంకో నియమం, అన్నీ "ఇన్ని రోజులకు ఎంత?" అనే ఒకే మెసేజ్‌కు తమ తమ పద్ధతిలో జవాబిస్తాయి. పాలిమార్ఫిజం వల్ల అసలు లాభం ఇక్కడ పూర్తిగా అందింది, దానికి ఒక ఇంటర్‌ఫేస్ (ఏ మెసేజ్‌లకు జవాబివ్వాలో మాత్రమే చెప్పే ఒప్పందం) చాలింది.

ఇన్‌హెరిటెన్స్‌ను తొందరపడి వాడితే ఏమవుతుందో జావా ప్రామాణిక లైబ్రరీలోనే చూడవచ్చు. మొదటి విడుదల నుంచీ ఉన్న స్టాక్ అనే క్లాస్ వెక్టర్ (అంశాలను వరుసగా దాచే జాబితా) అనే క్లాస్ నుంచి పుట్టింది. స్టాక్‌లో చివర పెట్టినదే ముందు బయటకు రావాలి, మధ్యలో ఎవరూ చేయి పెట్టకూడదు. ఆ ఒక్క హామీ కోసమే స్టాక్‌ను వాడతాం. కానీ వెక్టర్‌కున్న మెథడ్‌లన్నీ వారసత్వంగా వచ్చాయి కాబట్టి, ఇష్టమైన స్థానంలో ఒక అంశాన్ని చొప్పించడం, మధ్యలోది తీసేయడం జావా స్టాక్‌లో నిక్షేపంగా సాధ్యం. లోపల నిల్వ కోసం వెక్టర్‌ను ఒక ఫీల్డుగా ఉంచుకుని, పెట్టడం, తీయడం, పైదాన్ని చూడటం అనే కొద్ది మెథడ్‌లను మాత్రమే బయటకు ఇచ్చి ఉంటే ఈ ఇబ్బంది ఉండేది కాదు. ఇప్పుడు దాన్ని సరిదిద్దితే, ఇన్నేళ్ళుగా దానిమీద ఆధారపడిన ప్రోగ్రామ్‌లు విరిగిపోతాయి. అందుకే ఆ క్లాస్ అలాగే ఉండిపోయింది, కొత్త కోడ్‌లో డెక్ (రెండు చివరల నుంచీ పెట్టడం, తీయడం చేయగల వరుస) అనే ఇంటర్‌ఫేస్‌ను వాడమని జావా అధికారిక పత్రాలే సలహా ఇస్తున్నాయి.

పేరెంట్ క్లాస్ ఆబ్జెక్ట్ ఉండాల్సిన చోట సబ్‌క్లాస్ ఆబ్జెక్ట్‌ను పెట్టినా, పేరెంట్ మీద నమ్మకంతో రాసిన కోడ్ తప్పుగా నడవకూడదని కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ 1987లో ఒక ప్రసంగంలో ప్రతిపాదించి, 1994లో జెన్నెట్ వింగ్‌తో కలిసి దాన్ని కచ్చితంగా నిర్వచించారు. మెథడ్‌ల పేర్లూ పారామీటర్లూ కలిస్తే చాలదు, ప్రవర్తన కలవాలి. దీనికి నిలిచే సబ్‌క్లాసులు నిజమైన ప్రాజెక్టుల్లో తక్కువేనని నా అనుభవం. 2009లో బయటకొచ్చిన గో, 2015లో స్థిర రూపం పొందిన రస్ట్ భాషలు క్లాసుల ఇన్‌హెరిటెన్స్‌ను అసలు పెట్టుకోనేలేదు. అయినా ఒకే మెసేజ్‌కు వేర్వేరు రకాల జవాబులు ఇచ్చే సౌకర్యాన్ని మాత్రం అవి రెండూ వదులుకోలేదు.

ఇక పనిముట్ల సంగతి. అన్నిటికంటే చవకైనది, నేను కొత్తవారి చేతికి మొదట ఇచ్చేది కాగితపు కార్డు. కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ఇద్దరు ప్రోగ్రామర్లు 1989లో సీఆర్‌సీ (క్లాస్, రెస్పాన్సిబిలిటీ, కొలాబరేటర్) కార్డుల పద్ధతిని పరిచయం చేశారు. ఒక్కో క్లాస్‌కు ఒక్కో చిన్న కార్డు. పైన క్లాస్ పేరు, ఎడమవైపు దాని బాధ్యతలు, కుడివైపు ఆ పనికి అది ఎవరి సాయం తీసుకుంటుందో. నలుగురు కూర్చుని కార్డులు పంచుకుని, "సభ్యుడు పుస్తకం తిరిగి ఇచ్చాడు, ఇప్పుడు ఎవరు ఏం చేయాలి?" అని నడిపిస్తే, పని లేకుండా కూర్చున్న క్లాసులూ, అన్ని పనులూ నెత్తిన వేసుకున్న క్లాసులూ కోడ్ రాయకముందే బయటపడతాయి. కార్డులో స్థలం చాలకపోతే ఆ క్లాస్‌కు బాధ్యతలు ఎక్కువైనట్టే.

1997లో ప్రామాణికంగా ఆమోదం పొందిన యూఎంఎల్ (ప్రోగ్రామ్ డిజైన్‌ను బొమ్మల్లో చూపే పద్ధతి) చిత్రాల్లో సీక్వెన్స్ డయాగ్రమ్ మెసేజ్‌ల క్రమాన్ని చూపిస్తుంది కాబట్టి నేర్చుకోదగినది. క్లాస్ డయాగ్రమ్‌లతో గోడలు నింపడం వల్ల డిజైన్ మెరుగుపడగా నేను చూడలేదు.

డీబగ్గర్‌కు మాత్రం ఎంత సమయమిచ్చినా తక్కువే. గ్రంథాలయం ఉదాహరణలోనే ఒక తప్పు చూడండి. ఒక సభ్యుడు ఒకేసారి రెండు పుస్తకాలు తీసుకున్నాడు. వాటిలో ఒకదాని గడువును వారం పొడిగిస్తే, రెండోదాని గడువు కూడా పెరిగింది. పొడిగించే మెథడ్‌ను ఎన్నిసార్లు చదివినా తప్పు కనిపించదు, ఎందుకంటే అక్కడ తప్పు లేదు. పొడిగించే లైను దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టి ఆపి, రెండు అరువులనూ విప్పి చూస్తే, రెంటి గడువు ఫీల్డుల పక్కనా ఒకే గుర్తింపు సంఖ్య కనిపిస్తుంది. అంటే అవి ఒకే విలువ ఉన్న రెండు తేదీలు కావు, రెండు అరువులు కలిసి పట్టుకున్న ఒకే తేదీ ఆబ్జెక్ట్. అక్కడి నుంచి కాల్ స్టాక్‌ను (ఏ మెథడ్ ఏ మెథడ్‌ను పిలిచిందో చూపే వరుసను) కాకుండా ఆబ్జెక్ట్ పుట్టుకను వెతుక్కుంటూ వెళ్తే, రెండు పుస్తకాలకూ అరువు రాసే లూప్‌కు బయట ఒక్కసారే తేదీని తయారుచేసిన లైను దొరుకుతుంది. రెఫరెన్స్ (ఆబ్జెక్ట్ ఎక్కడుందో చూపించే సూచిక) అంటే ఏమిటో పాఠంలో ఎంత వివరించినా రాని స్పష్టత, ఆ రెండు ఒకేలాంటి సంఖ్యలను పక్కపక్కన చూసిన క్షణంలో వస్తుంది. పాత జావాలోని డేట్ క్లాస్ ఆబ్జెక్ట్‌ను పుట్టిన తర్వాత కూడా మార్చవచ్చు కాబట్టి ఇలాంటి తప్పులకు అది అవకాశమిచ్చింది. 2014లో వచ్చిన జావా 8, ఒకసారి పుట్టాక మారని తేదీ క్లాసులను ప్రవేశపెట్టింది. మారనవసరం లేని ఆబ్జెక్ట్‌ను మారనివ్వకండి అనే సలహాకు ఇంతకంటే మంచి కారణం చూపించలేను.

ఈనాటి తీరులో యూనిట్ టెస్టులు (ఒక్కో చిన్న భాగాన్ని విడిగా తనిఖీ చేసేవి) రాసే అలవాటు కూడా స్మాల్‌టాక్ నుంచే వచ్చింది. కెంట్ బెక్ ఆ భాషలో రాసిన ఎస్‌యూనిట్‌ను ఆధారం చేసుకుని, ఎరిక్ గామాతో కలిసి 1997లో జావాకు జేయూనిట్ రాశారు. టెస్టులు తప్పులు పట్టుకుంటాయన్నది అందరికీ తెలిసిందే. అవి డిజైన్ గురించి చెప్పే కబురును ఎక్కువమంది వినరు. జరిమానా లెక్కను పరీక్షించడానికి స్క్రీన్ తెరవాల్సి వచ్చినా, డేటాబేస్ నింపాల్సి వచ్చినా, గడియారాన్ని వెనక్కి తిప్పాల్సి వచ్చినా, బాధ్యత తప్పు చోట ఉందని ఆ టెస్టు మొరపెట్టుకుంటున్నట్టే. తేదీని బయటి నుంచి తీసుకునే అరువుకు అయితే రెండు లైన్లలో టెస్టు రాయవచ్చు: ఫలానా గడువుతో అరువు తయారుచేయి, మూడు రోజుల తర్వాతి తేదీ ఇచ్చి జరిమానా అడుగు.

రీఫాక్టరింగ్ పనిముట్లనూ పైపై సౌకర్యంగా చూస్తారు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో విలియం ఆప్‌డైక్ 1992లో సమర్పించిన సిద్ధాంత వ్యాసం, ఆ తర్వాత అక్కడే జాన్ బ్రాంట్, డాన్ రాబర్ట్స్ స్మాల్‌టాక్ కోసం నిర్మించిన రీఫాక్టరింగ్ బ్రౌజర్ ఈ దారి వేశాయి. 2001లో వచ్చిన ఇంటెల్లిజే ఐడియా, ఎక్లిప్స్ అనే కోడ్ రాసే సాఫ్ట్‌వేర్‌లు ఈ సౌకర్యాన్ని జావా ప్రోగ్రామర్లకు రోజువారీ పనిలోకి తెచ్చాయి. ప్రవర్తన మారకుండా నిర్మాణాన్ని మార్చడం ఇందులోని కీలకం. "పేరు" అనే మెథడ్ సభ్యుడికీ ఉంది, పుస్తకానికీ ఉంది. సభ్యుడి మెథడ్‌కు పేరు మార్చాలని ఎడిటర్‌లో వెతికి మార్చు అంటే రెండూ మారిపోతాయి, రీఫాక్టరింగ్ పనిముట్టు మాత్రం ఏ కాల్ ఏ క్లాస్‌కు చెందుతుందో తెలుసుకుని సభ్యుడికి సంబంధించినవే మారుస్తుంది. మొదటి ప్రయత్నంలో బాధ్యతలు సరైన చోట పడటం అనుభవజ్ఞులకూ అరుదు కాబట్టి, ఒక మెథడ్‌ను ఒక క్లాస్ నుంచి ఇంకో క్లాస్‌కు భయం లేకుండా జరపగలగడం డిజైన్‌లో సగం పని. ఆ ధైర్యానికి కింద టెస్టులు, వెనక్కి వెళ్ళే దారిగా 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన గిట్ వంటి, కోడ్ పాత రూపాలన్నీ భద్రపరిచే వెర్షన్ కంట్రోల్ ఉండాలి. నిర్మాణం మార్చిన కమిట్‌నూ (అందులో నమోదు చేసిన మార్పునూ), ప్రవర్తన మార్చిన కమిట్‌నూ వేరువేరుగా ఉంచమని నేను ప్రతి ఒక్కరినీ బతిమాలుతుంటాను; రెండూ కలిసిపోతే చదివేవారికి ఏది ఎందుకు మారిందో తెలియదు.

ఇవన్నీ మొదటి నెలల్లోనే నేర్పితే కొత్తవారి మీద భారం పడుతుందని కొందరు ఉపాధ్యాయులు అంటారు. భారం నిజమే. అయితే అబ్‌స్ట్రాక్ట్ క్లాస్‌కూ ఇంటర్‌ఫేస్‌కూ తేడాలు, నాలుగు రకాల యాక్సెస్ మాడిఫయర్లు, ఇన్‌హెరిటెన్స్‌లో ఐదు రకాలు అంటూ ఇప్పుడు మోయిస్తున్న భారాన్ని కొంత దించితే చోటు దొరుకుతుంది. ఒక్క క్లాస్, దానికి రెండు టెస్టులు, డీబగ్గర్‌లో ఒక ఆబ్జెక్ట్‌ను విప్పి చూడటం మొదటి వారంలోనే సాధ్యం. రెండో క్లాస్ వచ్చినప్పుడు ఎవరి పని ఎవరిదన్న చర్చ మొదలవుతుంది. సబ్‌క్లాస్ కోర్సు చివర వచ్చినా నష్టం లేదు.

అన్నిటికీ ఆబ్జెక్ట్‌లే కావాలన్నది నా పట్టుదల కాదు. ఒక ఫైల్ చదివి, వరుసలు వడపోసి, మొత్తాలు లెక్కకట్టే చిన్న ప్రోగ్రామ్‌కు కొన్ని ఫంక్షన్లు చాలు. దానికి మేనేజర్, ఫ్యాక్టరీ, సర్వీస్ అని పేర్లు పెట్టిన క్లాసులు తొడిగితే చదివేవారికి అడ్డం తప్ప ఉపయోగం లేదు. గ్రంథాలయంలో కూడా అందరికీ ఒకే రేటు ఉన్నన్నాళ్ళూ జరిమానా నియమం అనే ఆబ్జెక్ట్ అక్కర్లేదు, అరువులో ఒక గుణకారం సరిపోతుంది. రెండో రకం నియమం నిజంగా వచ్చిన రోజున, ఆ గుణకారాన్ని ఒక మెథడ్‌గా విడదీసి, ఆ మెథడ్‌ను కొత్త క్లాస్‌కు జరిపి, టెస్టులు నడిపి చూసుకోవాలి.